నిత్యం వాడే వస్తువులకు ఎక్కువ ధర పెట్టడం ఎప్పుడు గిట్టుబాటవుతుంది?

ప్రశ్న:
బట్టలు, బూట్లు, దుప్పట్లు కొనేటప్పుడు చవకవాటికీ ఖరీదైనవాటికీ మధ్య ధర ఒక్కోసారి మూడు నాలుగు రెట్లు తేడా ఉంటోంది. ఆ అదనపు సొమ్ములో నాణ్యతకు పోయేదెంతో, పేరుకు పోయేదెంతో కొనేవారికి తెలిసేదెలా? అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
ధరను కాసేపు పక్కన పెట్టి, ఆ వస్తువులో ముందుగా పాడయ్యేది ఏదో, దాన్ని బాగుచేయించుకునే వీలుందో లేదో చూడండి. బూట్లలో ముందు అరిగేది సోల్. గుడ్‌ఇయర్ వెల్ట్ పద్ధతిలో, అంటే బూటు పైభాగానికి ఒక పట్టీని కుట్టి, ఆ పట్టీకి సోల్‌ను కుట్టే పద్ధతిలో తయారైనవాటికి అరిగిన సోల్ తీసి కొత్తది వేయించుకోవచ్చు కనుక అక్కడ పెట్టిన డబ్బు వృథా కాదు. జిగురుతో అతికించినవాటిలో చాలావాటికి ఆ పని కష్టం. అలాగే పాలియురెథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్‌తో చేసిన సోల్, గాలిలోని తేమ వల్ల లోలోపలే క్షీణించి, తొడగకుండా దాచిపెట్టినా కొన్నేళ్లకు పొడిపొడిగా రాలిపోతుంది. ఎంత ఖరీదైన జతకైనా ఈ ముప్పు తప్పదు కాబట్టి, దాచుకుని వాడుదామని అలాంటివాటికి ఎక్కువ పెట్టకండి.

రెండవ సమాధానం:
పై సలహా మంచిదే కానీ, దుప్పట్ల వంటివాటిలో లోపం కొన్ననాడు కంటికి కనబడదు. థ్రెడ్ కౌంట్ అంటే చదరపు అంగుళంలో ఉండే పడుగు, పేక పోగుల మొత్తం. కొందరు తయారీదారులు రెండు మూడు పోగులు కలిపి పేనిన నూలులో ఒక్కో పోగునూ విడిగా లెక్కగట్టి, 1000 అని ముద్రిస్తారు. ఆ అంకె కంటే పత్తి పింజ పొడవు ముఖ్యం; పింజ పొడవైతే నూలు నుంచి బయటికి వచ్చే కొసలు తగ్గి, బట్ట త్వరగా ఉండలు కట్టదు. నాణ్యతను కొనేవారు పోల్చుకోలేనప్పుడు నాసిరకం సరుకే మంచి సరుకును బజారు నుంచి వెళ్లగొడుతుందని ఆర్థికవేత్త జార్జ్ అకర్లాఫ్ 1970లోనే వివరించారు. అందుకే ధర చూసి నాణ్యతను నమ్మడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

మూడవ సమాధానం:
అసలు ఎక్కువ పెట్టనక్కర్లేనివీ ఉన్నాయి. నియంత్రణ సంస్థ అనుమతి పొందిన జనరిక్ పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్రలోనూ, పేరున్న కంపెనీ మాత్రలోనూ ఉండే మందు ఒకటే, మోతాదూ ఒకటే. ఇక, మన్నికైనదే చివరికి చవక అని తెలిసినా ఒక్కసారిగా అంత సొమ్ము తీయలేనివారు చాలామంది ఉన్నారు. వారిని తెలివితక్కువగా కొంటున్నారని తప్పుపట్టడం అన్యాయం. అటువంటివారికి కొత్త నాసిరకం కంటే, ఒకరు వాడి అమ్మిన గట్టి వస్తువు మేలు. దాని కుట్లు, అతుకులు కొంతకాలం వాడకానికి తట్టుకున్నాయో లేదో చేత్తో పట్టుకుని చూసుకోవచ్చు.