విజయనగరంలో పది అంతస్తులు కడితే లాభం సరే, నీళ్ల సంగతేటి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. రింగురోడ్డు దాటాక మా నాన్నగారిదీ చిన్నాన్నలదీ కలిపి 2,500 గజాలుంది, ఒక బిల్డరు డెవలప్‌మెంట్‌కి అడుగుతున్నాడు, పది అంతస్తులు, 80 ఫ్లాట్లు, మాకు సగం. భోగాపురం ఎయిర్‌పోర్టు వల్ల రేట్లు పెరుగుతాయని ఇంట్లో అందరూ తొందరపడుతున్నారు. నాకూ డబ్బు కావాలి, కానీ ప్లాన్‌లో పిడికెడు మట్టి కనబడట్లేదు, సెల్లారు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, తాతగారు తవ్వించిన బావి కూడా పూడ్చేస్తారంట. మే నెలలోనూ ఎండని బావి అది. కాస్త వదలండి అంటే పార్కింగ్ చాలదు, ఆరు ఫ్లాట్లు తగ్గించాలి, గిట్టదు అంటున్నాడు. నిజంగా గిట్టదా?

శ్రీకాకుళం నుంచి:
పూడ్చనివ్వకండి బాబూ. మా ఫ్లాట్లలో రెండు బోర్లుండేవి, మూడో వేసవికే ఒకటి ఎండిపోయింది. నాగావళి ఒడ్డున ఉన్న ఊళ్లో ట్యాంకర్ నీళ్లు కొనుక్కుంటున్నాం, మెయింటెనెన్స్ పెరిగిపోయింది, అసోసియేషన్ మీటింగంటే తగువే. మొన్న ఒకాయన ఫ్లాటు అమ్మకానికి పెడితే వచ్చిన ప్రతివాళ్లూ ముందు నీళ్ల గురించే అడిగారు, బేరం తెగలేదు. మీ వాటాకొచ్చే 40 ఫ్లాట్లు కూడా రేపు మీరు అమ్ముకోవాల్సినవే కదా.

సైట్ ఇంజనీర్:
లెక్క చూడండి. మనిషికి రోజుకి 135 లీటర్లు, ఇంటికి నలుగురు, 80 ఇళ్లు, అంటే 43,200 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లయితే దగ్గరదగ్గర తొమ్మిది, రోజుకి! మన జిల్లాలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైనే వాన పడతాది, వెయ్యి చదరపు మీటర్ల శ్లాబు మీద అది 10 లక్షల లీటర్లు. అవసరమంతా తీరదు, నెల రోజులకీ రాదు, కానీ బావిలోకి దింపితే భూమిలో ఊట నిలబడతాది. మొదటి వాన నీళ్లు బయటికి వదిలేసి, తర్వాతవి ఇసుక, కంకర మీదుగా పంపాలి. సెల్లారు ఖర్చు ముందు ఇదెంత? నోటిమాటగా ఒప్పుకోవద్దు, బావి, మట్టి జాగా గుర్తించిన ప్లాన్‌ని అగ్రిమెంట్‌కి జతచేసి రిజిస్టర్ చేయించండి.

కంటోన్మెంట్ వాసి:
2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను అప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, లిఫ్టు లేదు, మోటారు లేదు. మా అపార్ట్‌మెంట్ వాళ్లందరం పక్కింటి బావిలో తోడుకుని మెట్లెక్కాం, మా అమ్మకి అప్పటికే మోకాళ్ల నొప్పులు. పది అంతస్తులంటే ఎలాగుంటాదో ఆలోచించండి.

అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండి. ఆదివారం చిన్నాన్నలు వస్తున్నారు, ఈ లెక్క చూపిస్తాను, బావి ఉంచితేనే సంతకం. ఇంజనీర్ గారూ, మాది ఎర్రమట్టి, బావి పక్కన ఫిల్టర్ గుంట ఎంత సైజు పెట్టమంటారు?