పిల్లలే ఓటేసి రూల్స్ పెట్టుకునే బడి: ఆరో తరగతి పాపని అందులో వేయొచ్చా?

నిజాంపేట నాన్న:
మా పాప ఆరో తరగతి, ఇక్కడే ఒక కార్పొరేట్ స్కూల్లో ఒలింపియాడ్ సెక్షన్. పొద్దున ఏడున్నరకి వ్యాన్ ఎక్కితే సాయంత్రం ఐదున్నరకి దిగుతుంది, ఆపైన హోంవర్క్, వారం చివర టెస్టు, సోమవారం ర్యాంకుల లిస్టు వాట్సాప్ గ్రూపులో. చదువులో వెనకబడిందని కాదు, మార్కులు బానే వస్తాయి. కానీ ఈ మధ్య ఏ కొత్త విషయం చెప్పబోయినా "అది టెస్టులో రాదు డాడీ" అనేస్తోంది.

మా ఆవిడ కొలీగ్ వాళ్ళబ్బాయిని సిటీ బయట ఒక లెర్నింగ్ సెంటర్లో వేశారు. క్లాసుకి వెళ్ళాలా వద్దా అన్నది పిల్లల ఇష్టమట, వారానికోసారి పిల్లలూ టీచర్లూ కలిసి కూర్చుని ఓటేసి రూల్స్ పెట్టుకుంటారట, డెమొక్రటిక్ స్కూల్ అంటారట దీన్ని. మా ఆవిడకి తెగ నచ్చేసింది. నాకు మాత్రం టెన్షన్. ఇష్టానికి వదిలేస్తే లెక్కలు ఎవరు చేస్తారు? ఇది ఎక్కడైనా నిజంగా నడిచిందా? రేపు టెన్త్, ఇంటర్, ఎంసెట్ సంగతేంటి? మా నాన్నగారైతే బెత్తం లేకపోతే అది బడెలా అవుతుందని నవ్వుతున్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి. తిట్టాలనిపిస్తే తిట్టండి, పర్లేదు.

బోస్టన్ పిన్ని:
నడిచిందండి, వందేళ్ళు దాటింది. ఏ.ఎస్. నీల్ 1921లో మొదలుపెట్టిన సమ్మర్‌హిల్ అనే బడి ఇప్పటికీ ఇంగ్లండ్‌లోని లీస్టన్ అనే చిన్న ఊళ్ళో ఉంది. మాకు దగ్గర్లో ఫ్రేమింగ్‌హామ్‌లో సడ్‌బరీ వ్యాలీ స్కూల్ ఉంది, 1968లో పెట్టారు. నాలుగేళ్ళ వాళ్ళ నుంచి పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ వాళ్ళ దాకా అంతా కలిసే ఉంటారు. తరగతుల్లేవు, మార్కుల్లేవు, పిల్లలు కావాలని అడిగితే తప్ప పాఠమూ లేదు. స్కూల్ మీటింగ్‌లో నాలుగేళ్ళ పిల్లకి ఒక ఓటు, తలపండిన టీచరుకీ ఒక ఓటే. వచ్చే ఏడాది ఏ టీచర్ ఉండాలో ఎవరు వెళ్ళాలో కూడా ఏటా రహస్య ఓటింగ్‌తో తేలుస్తారు. ఈ ఒక్క ముక్క మా తెలుగు వాళ్ళ పార్టీల్లో చెప్తే ఇంకేమీ అడక్కుండా టాపిక్ మార్చేస్తారు!

ఇష్టమొచ్చినట్టు ఆడుకోవడమే అనుకుంటారు గానీ, అక్కడ రూల్స్ మామూలు బడికన్నా ఎక్కువే. సమ్మర్‌హిల్‌లో వందల్లో ఉంటాయి, పడుకునే టైమ్ దగ్గర్నుంచి ఎవరి సైకిల్ ఎవరు ముట్టుకోవచ్చన్నదాకా. తేడా అల్లా ఆ రూలు ఎవరు పెట్టారన్నది, దాన్ని మార్చే దారి పిల్లకి ఉందా లేదా అన్నది. మార్చాలంటే మీటింగ్‌లో లేచి నిలబడి మాట్లాడి మిగతావాళ్ళని ఒప్పించాలి, ఓడిపోతే ఆ రూలుకి కట్టుబడాలి. చాలామంది పిల్లలకి అది బోరు కూడా.

లెక్కల గురించి నేను తీపి కబురు చెప్పలేను. మామూలు బడుల నుంచి వచ్చినవాళ్ళు మొదట్లో క్లాసు గడప తొక్కరు, ఆ విముఖత పోవడానికి సగటున మూడు నెలలు పడుతుందని నీలే రాశాడు, కాన్వెంటు నుంచి వచ్చిన ఒకమ్మాయి మూడేళ్ళు ఊరికే తిరిగిందనీ ఆయనే రాశాడు. మీరు మూడు నెలలు ఓర్చుకుంటారేమో, మూడేళ్ళు ఓర్చుకోగలరా? బ్రిటన్ ప్రభుత్వమే ఓర్చుకోలేకపోయింది. 1999లో ఇన్‌స్పెక్టర్లు వచ్చి క్లాసులు ఐచ్ఛికం కావడం కుదరదన్నట్టు రిపోర్టు ఇచ్చారు, నోటీసులొచ్చాయి, బడి ట్రిబ్యునల్‌కి వెళ్ళింది. 2000 మార్చిలో లండన్‌లో విచారణ మొదలైన కొద్ది రోజులకే ప్రభుత్వం రాజీకొచ్చింది. ఆ రాజీకి ఒప్పుకోవాలా వద్దా అని పిల్లలు ఆ కోర్టు హాల్లోనే మీటింగ్ పెట్టుకుని ఓటేశారు. క్లాసులు ఇప్పటికీ ఐచ్ఛికమే.

ఇలాంటి బడుల్లో చదివినవాళ్ళు తర్వాత ఏమయ్యారంటే, సడ్‌బరీ పూర్వ విద్యార్థుల మీద పీటర్ గ్రే, డేవిడ్ చనాఫ్ 1986లో ఒక అధ్యయనం అచ్చువేశారు. కాలేజీకి వెళ్ళాలనుకున్నవాళ్ళకి పెద్దగా అడ్డంకులు రాలేదని తేల్చారు. కాకపోతే చూసింది డెబ్భై మంది లోపే, పైగా గ్రే కొడుకు కూడా ఆ బడిలోనే చదివాడు. దాన్ని పట్టుకుని మీ పాప మీద నిర్ణయం తీసుకోమని నేనైతే చెప్పను.

గుంటూరు మిర్చి:
అన్నా, సూటిగా చెప్తా, ఏమనుకోవద్దు. పిన్నిగారు చెప్పినవన్నీ నిజమే అయ్యుండొచ్చు, కానీ అక్కడ పద్దెనిమిదేళ్ళకి మెలకువ వచ్చి లెక్కలు మొదలుపెట్టినా ఊళ్ళో కమ్యూనిటీ కాలేజీ ఉంటుంది, అక్కణ్ణుంచి యూనివర్సిటీకి దారి ఉంటుంది. మనకేముంది? ఇంటర్లో ఎంపీసీ తీసుకోకపోతే ఇంజనీరింగ్ తలుపు మూసినట్టే. సమ్మర్‌హిల్ ఫీజులు కట్టే బోర్డింగ్ స్కూలు, సడ్‌బరీ కూడా ప్రైవేటే. ఉన్నోళ్ళ పిల్లలు ఏ బడికి వెళ్ళినా బతికేస్తారు. మా నాన్న మిర్చి యార్డులో హమాలీ, నన్ను అప్పుచేసి రెసిడెన్షియల్‌లో వేశాడు, నాకక్కడ నరకమే, కానీ పరీక్ష పేపరు నువ్వెవరి కొడుకువని అడగలేదు. ఇంటర్వ్యూలు, "ఎక్స్‌పోజర్", ఇంగ్లీషు ముచ్చట్లు అడుగుతాయి. ర్యాంకుని తీసేస్తే ఆ ప్లేసులోకి పలుకుబడి వస్తుంది. ఆ మాట ఈ ఆల్టర్నేటివ్ బడుల వాళ్ళెవరూ మాట్లాడరు.

జడ్పీ మాస్టారు:
మిర్చి తమ్ముడి మాట కొట్టిపారేసేది కాదు. కాకపోతే ఇక్కడ రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతున్నాయి.

మాది మదనపల్లె వైపు. జిడ్డు కృష్ణమూర్తిగారి రిషి వ్యాలీ స్కూల్ ఇక్కడే కాబట్టి "ప్రత్యామ్నాయ విద్య" అనగానే అందరూ దాన్నే చూపిస్తారు. అక్కడి నుంచి చుట్టుపక్కల పల్లె బడుల కోసం వచ్చిన కార్డుల పద్ధతి నాకు చాలా ఇష్టం: పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి కార్డుల్లో పెడతారు, పిల్ల తన వేగంతో ఎక్కుతుంది, వేర్వేరు తరగతుల వాళ్ళు ఒకే గదిలో కూర్చున్నా ఒక్క టీచర్ నడపగలడు. తమిళనాడు ప్రభుత్వం తన ప్రైమరీ బడుల్లో తెచ్చిన మార్పుకి ఇదే స్ఫూర్తి. కానీ అది బోధన పద్ధతిలో మార్పు. రూలు ఎవరు పెట్టాలన్నది అక్కడ పిల్లల ఓటుతో తేలదు. మీరు చెప్పే సెంటర్ ఏ రకమో ముందు కనుక్కోండి, ఎందుకంటే ఈ రోజుల్లో నాలుగు రంగు కుర్చీలేసి నేల మీద కూర్చోబెట్టి డెమొక్రటిక్ అని బోర్డు పెట్టేవాళ్ళూ ఉన్నారు.

మా హైస్కూల్లో ఏటా స్కూల్ లీడర్ ఎన్నికలు పెడతాం. నామినేషన్లు, బ్యాలెట్ పేపర్లు, వేలికి ఇంకు, ఏజెంట్లు, అంతా అచ్చం అసలు ఎన్నికలే, లోకల్ పేపర్లో ఫోటో కూడా వస్తుంది. గెలిచిన లీడర్ చేసే పని ప్రార్థనలో అటెన్షన్, స్టాండెటీజ్ చెప్పడం. ఇది చూసి విసుగొచ్చి ఎనిమిదో తరగతిలో వారానికో మీటింగ్ మొదలుపెట్టా, నిజంగా వాళ్ళ చేతిలో పెట్టగలిగినవి పెట్టా: గేమ్స్ పీరియడ్‌లో గ్రౌండ్ ఎవరికి, మధ్యాహ్న భోజనం లైన్లో వరస, గది ఊడ్చే వంతు. ఏం జరిగిందో చెప్పనా? మగపిల్లలు ఎక్కువ, ప్రతి వారం గ్రౌండ్ క్రికెట్‌కే. ఊడ్చే వంతు ఆడపిల్లలకే, అందులోనూ ఏ వాడ పిల్లలకి ఎక్కువ పడిందో మీకు చెప్పక్కర్లేదు. అంతా ఓటు వేసే! కొన్నాళ్ళకి ఆడపిల్లలు చేతులెత్తడం మానేశారు. చేతులెత్తించి లెక్కపెడితే ఊరు ఎట్లా ఉందో బడీ అట్లాగే తయారవుతుంది.

అప్పుడు మాకు పనికొచ్చినవాడు నీల్ కాదు, పోలండ్‌లో అనాథ పిల్లల వసతిగృహం నడిపిన డాక్టర్ యానుష్ కోర్చాక్. ఆయన దగ్గర పిల్లల కోర్టు ఉండేది, పిల్లలే జడ్జీలు. చట్టంలో మొదటి తొంభైతొమ్మిది సెక్షన్లూ ఏదో ఒక రకంగా వదిలేయడానికో క్షమించడానికో సంబంధించినవే, అసలు తప్పని తేల్చడం వందో సెక్షన్ నుంచి మొదలవుతుంది. ఒక ఆర్నెల్లలో ఆయన తన మీద తానే ఐదుసార్లు కేసు పెట్టుకున్నాడు, ఒకటి పిల్లాడి చెవి మీద కొట్టినందుకు, ఇంకోటి ఒకమ్మాయిని దొంగ అని అనుమానించినందుకు. మేమూ కొన్ని ఓటుకి పెట్టకూడదని రాసుకున్నాం: ఊడ్చే వంతు రోల్ నంబర్ వరసలోనే, గ్రౌండ్ రోజు మార్చి రోజు, అందరూ ఒక్కసారైనా మాట్లాడాకే చేతులెత్తడం, నేను ఎవరినైనా తిడితే నన్నూ నిలబెట్టి అడగొచ్చు. నిలబెట్టారు కూడా. సిలబస్ మాత్రం వాళ్ళ చేతిలోనూ లేదు నా చేతిలోనూ లేదు, ఎఫ్.ఏ. పరీక్షల మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించే గడువు దగ్గరపడితే నేనూ పాత మాస్టారినే.

మీ నాన్నగారికి చెప్పండి, విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ వచ్చాక బెత్తం ఉన్నదే చట్టం ప్రకారం బడి కాదని :)

గుంటూరు మిర్చి:
మాస్టారూ, మీ క్లాసులో వేస్తా నా కొడుకుని. ఆ సెంటర్లో మాత్రం వేయను.

ఓపెన్ స్కూల్ అమ్మ:
కాగితాల సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా, మా బాబుది ఇదే దారి. ఇలాంటి సెంటర్లలో చాలావాటికి ప్రభుత్వ గుర్తింపు ఉండదు, అంటే వాళ్ళిచ్చే టీసీకి విలువ లేదు. ఎనిమిదో తరగతి లోపు మనసు మారితే విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. ప్రభుత్వ బడిలో ఇది మాకు ఇబ్బంది లేకుండా జరిగింది, ప్రైవేటు వాళ్ళు మాత్రం ఎంట్రన్స్ టెస్టనీ సీట్లు లేవనీ తిప్పుతారు.

టెన్త్‌కి ఎన్ఐఓఎస్ ఉంది, అంటే కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ బోర్డు. పద్నాలుగేళ్ళు నిండితే చాలు, కింది తరగతుల సర్టిఫికెట్ లేకపోయినా తీసుకుంటారు. కనీసం ఐదు సబ్జెక్టులు, తెలుగు మీడియం కూడా ఉంది, పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఐదేళ్ళలో తొమ్మిది అవకాశాలు. దానితోనే పన్నెండు కూడా కట్టి జేఈఈ రాయొచ్చు. లెక్కలు ఎవరు చేస్తారన్నారు కదా, మావాడు పదమూడేళ్ళు దాటాక ఈ పరీక్ష కోసమే తనంతట తాను కూర్చున్నాడు. అంటే చివరికి కూర్చోబెట్టింది పరీక్షే, సెంటర్ వాళ్ళు ఒప్పుకోరు గానీ.

ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) చూసుకోవాల్సింది లోకల్ కోటా. అర్హత పరీక్షకి ముందు వరుసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివారన్నది చూస్తారు, గుర్తింపున్న బడిలో చదవనివాళ్ళకి ఆ నాలుగేళ్ళు ఎక్కడ నివాసమున్నారన్నది చూస్తారు. సిటీ బయట సెంటర్ అయితే పర్లేదు. బెంగళూరు పక్కన ఏదో బాగుందట అని పంపితే మాత్రం తర్వాత తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగాలి. ఈ రూల్స్ మారుతుంటాయి, ఆ ఏడాది నోటిఫికేషన్ చదవండి.

నిజాంపేట నాన్న:
అందరికీ థాంక్స్, మిర్చి తమ్ముడికి ఎక్కువ. శనివారం వెళ్ళి చూస్తాం. ఏం అడగాలి? మనలాంటి పేరెంట్స్‌కి ఆ మీటింగ్‌లో మాట ఉంటుందా?

బోస్టన్ పిన్ని:
వాళ్ళు చెప్పేది వినడం కన్నా ఒక మీటింగ్ మొత్తం కూర్చుని చూస్తామనండి, కుదరదంటే అక్కడే అర్థమైపోతుంది. టీచర్లు వద్దన్నా పిల్లలు ఓటేసి గెలిచిన రూలు ఈ ఏడాదిలో ఒకటి చెప్పమనండి. మాస్టారి క్లాసులో జరిగింది చెప్పి, మీ దగ్గర ఊడ్చేదెవరని కూడా అడగండి. పేరెంట్స్ విషయం, సడ్‌బరీలో అయితే బడ్జెట్, ఫీజులు తేల్చే అసెంబ్లీలో తల్లిదండ్రులకి ఓటుంటుంది. రోజువారీ రూల్స్ పెట్టే స్కూల్ మీటింగ్‌లో ఉండదు. మీ పాపకి ఉంటుంది, మీకుండదు.