గుట్టల హాఫ్ మారథాన్: ముందే పోయి దారి చూడాలా, హనుమకొండలోనే తయారైతే చాలా?

భద్రకాళి కట్ట:
నవంబర్ చివరి ఆదివారం ములుగు వైపు పల్లె దారుల్లో జరిగే హాఫ్ మారథాన్‌కు పేరిచ్చాను. 21.1 కిలోమీటర్లు, సగం తారు, సగం మొరం. నిర్వాహకులు పంపిన మ్యాపులో మూడు ఎక్కుళ్లున్నాయి. నేను రోజూ ఉరికేది భద్రకాళి చెరువు కట్ట మీద, లేదంటే జె.ఎన్. స్టేడియంలో. రెండూ చదునే. ఇంకా ఎనిమిది వారాలుంది. ఒక్కసారైనా ఆ దారి చూసి రమ్మని కొందరు, అవసరమే లేదని ఇంకొందరు అంటున్నారు. ఆ ఊళ్లు నాకు బొత్తిగా తెలియవు. టెన్షన్‌గా ఉంది. మీరేమంటారు?

కాజీపేట నైట్ డ్యూటీ:
అవసరం లేదు చెల్లె. పోయి రావడానికే వంద కిలోమీటర్లు. ఆ పూట పోతే ఆ వారం లాంగ్ రన్, అదే వారానికోసారి ఉరికే పొడుగు పరుగు, పోయినట్టే. కాళ్లకు తెలిసేది ఏటవాలు ఒక్కటే, అది ఏ ఊరి గుట్ట అయితేనేం? వారానికోసారి మడికొండ మెట్టుగుట్ట ఎక్కండి. ఎక్కేటప్పుడు వాచీలో పేస్ చూడొద్దు, ఊపిరి చూసుకోండి. నాలుగు మాటలు ఆగకుండా అనగలిగితే ఆ వేగం సరిపోతుంది. మరీ నిటారుగా ఉంటే నడవండి, అందులో తప్పేం లేదు. నేను ఆదిలాబాద్ జిల్లాలో ఒక కొండదారి హాఫ్ ముందు చూడకుండానే పూర్తి చేశాను. ఏ కిలోమీటరులో ఎక్కుడుందో మ్యాపు చూసి చేతి మీద రాసుకున్నాను, అంతే.

ములుగు తొవ్వ:
అన్నా, మ్యాపును అంతగా నమ్మొద్దు. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 మ్యాపు షీట్లలో ఒక ఎత్తు గీతకూ (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) ఇంకో గీతకూ మధ్య 20 మీటర్ల తేడా ఉంటుంది. పదిహేను మీటర్ల మిట్ట ఆ రెండు గీతల మధ్య పడిందంటే కాగితం మీద కనబడదు, పద్దెనిమిదో కిలోమీటరులో కాళ్లకే తెలుస్తుంది.

ఇంకోటి, నవంబర్ చివర అంటే మా దగ్గర వరి కోతలు. రోడ్డు మీద సగం దాకా వడ్ల కుప్పలు, వాటి మీద టార్పాలిన్లు, చుట్టూ రాళ్లు. ఏడాదంతా పడ్డ కష్టం అది, రైతును ఏమీ అనలేం. మనమే అంచుకు దిగి ఉరకాలి. ఆ అంచున మొరం వదులుగా ఉంటుంది, చీలమండ మెలిపడేది అక్కడే. చెల్లాచెదురైన వడ్ల మీద అడుగు పడితే బూటు జారుతుంది. ఇవన్నీ ఏ మ్యాపులో ఉంటాయి? కుక్కలు వెంటబడితే పరుగు ఆపి నడవండి, చాలావరకు ఊరుకుంటాయి.

పాత బూట్లు:
అందరూ ఎక్కుడు గురించే అడుగుతారు. నన్ను కూలబెట్టింది దిగుడు. మూడేళ్ల కింద ఇలాంటి పల్లె పోటీలోనే పదిహేనో కిలోమీటరు దాకా హాయిగా ఉన్నాను. అక్కడ పొడుగాటి దిగుడు వచ్చింది. ఎక్కుడులో పోయిన టైమ్ రాబట్టుకుందామని కాళ్లు వదిలేసి ఉరికాను. కింద చదును తగలగానే తొడలు పట్టేశాయి. చివరి నాలుగు కిలోమీటర్లు నడిచాను, ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. ముడుచుకుంటూ చేసే పని కంటే ఇలా సాగుతూ చేసే పనికి కండరం ఎక్కువ దెబ్బతింటుంది. అసలు నొప్పి మర్నాడూ మూడోనాడూ మెట్లు దిగుతుంటే బయటపడుతుంది. అయితే ఒకసారి ఆ దెబ్బకు ఓర్చుకున్న కండరం తర్వాత కొన్ని వారాలు అదే పనికి అంతగా నొప్పిపడదు. కాబట్టి చెల్లె, ఈ వారం నుంచే మొదలుపెట్టు. మొదట మూడంటే మూడు దిగుళ్లు, మెల్లగా. వారం వారం ఒకటి రెండు పెంచు. అడుగులు చిన్నగా, గబగబా పడాలి. వెనక్కి వాలి మడమతో బ్రేకు వేస్తే మోకాలు పోతుంది. చివరి రెండు వారాలు గట్టి దిగుళ్లు వద్దు.

దారి చూడాలా అంటే, మొత్తం వద్దు. చివరి ఏడు కిలోమీటర్లు చూడు చాలు. అలసిన కాళ్లు దిగేది అక్కడే, అక్కడ మొరం ఉందో తారు ఉందో తెలిస్తే ఏ బూట్లు వేయాలో తేలుతుంది.

కాజీపేట నైట్ డ్యూటీ:
దిగుడు మాట ఒప్పుకుంటున్నాను, నేను చెప్పడం మరిచాను. వడ్ల సంగతి నాకు తట్టలేదు. కానీ రెండుసార్లు పోవడం దండగ. పోతే పోటీకి మూడు వారాల ముందు, లాంగ్ రన్ రోజే పోండి. అటు చూసినట్టూ అవుతుంది, ఇటు పరుగూ పోదు.

భద్రకాళి కట్ట:
అలాగే చేస్తాను. బుధవారం మెట్టుగుట్ట, మూడు దిగుళ్లతో మొదలు. నవంబర్ మొదటి వారంలో అక్కడ చివరి ఏడు కిలోమీటర్లు, వెళ్లి రావడం కలిపి పద్నాలుగు. తెలియని దారిలో ఒంటరిగా మాత్రం ఉరకను, మా తమ్ముడు బండి మీద వెనక వస్తానన్నాడు. ములుగు తొవ్వ అన్నా, అప్పటికి కోతలు మొదలవుతాయా?

ములుగు తొవ్వ:
ముందు నాట్లు వేసిన పొలాలు కోసేస్తారమ్మా. రోడ్డు మీద కుప్పలు కొన్ని అప్పటికే కనబడతాయి. పొద్దున ఆరింటికల్లా మొదలుపెట్టండి, ట్రాక్టర్లు రోడ్డెక్కక ముందే అయిపోతుంది.