ప్రపోజల్స్ తయారుచేసే పనిలోనే రిటైర్మెంట్ దాకా ఉండొచ్చా?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. విశాఖలోని ఒక ఇంజనీరింగ్ కంపెనీకి ఆరేళ్లుగా ఇక్కడి నుంచే టెండర్లు, ప్రపోజల్స్ (పని మాకివ్వమని కొనేవాళ్లకు పంపే ప్రతిపాదనలు) తయారుచేస్తున్నాను. నెలకోసారి రైల్లో ఆఫీసుకు వెళ్లొస్తాను.

పని నాకు చాలా ఇష్టం. కానీ పోయినేడాది ఒక టెండర్‌కు వచ్చిన సవరణ నోటీసు చూసుకోకుండా పాత ఫార్మాట్‌లోనే అఫిడవిట్ పెట్టాను. అర్హతలు, పత్రాలు చూసే టెక్నికల్ బిడ్ దగ్గరే మమ్మల్ని తీసేశారు, మా ధర ఉన్న ప్రైస్ బిడ్ తెరవనే లేదు. మూడు వారాలు రాత్రిళ్లు కూర్చున్న ఇంజనీర్ల ముఖం చూడలేకపోయాను. అప్పటినుంచి టెండర్‌లోని ప్రతి షరతుకీ ఒక వరుస, పక్కన మా జవాబు, పేజీ నంబరు వేసి పట్టిక రాస్తున్నాను. చివరి రోజు ఉదయం పోర్టల్‌లో సవరణలు మళ్లీ చూస్తాను. దీనివల్ల తప్పులు నిజంగానే తగ్గాయి.

ఇప్పుడు నాకు 34. పైకి ఎలా ఎదగాలో చెప్పేవాళ్లు మా ఆఫీసులో లేరు, ఈ పని చేసేది నేనొక్కడినే. ఏపీఎంపీ (ప్రపోజల్స్ పని చేసేవాళ్ల అంతర్జాతీయ సంఘం) వాళ్ల ఫౌండేషన్ అనే మొదటి స్థాయి సర్టిఫికెట్ తీసుకుంటే మన దగ్గర విలువ ఇస్తున్నారా, లేక ఆ డబ్బుతో కాంట్రాక్టుల చట్టం, కాస్టింగ్ (ఖర్చుల లెక్క కట్టడం) నేర్చుకోవడం మేలా? నా అనుభవమంతా ప్రభుత్వ టెండర్లే, ఎక్కువగా ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైట్ అయిన జెమ్ పోర్టల్‌లోవి. ఐటీ కంపెనీల ప్రపోజల్ టీముల్లోకి తీసుకుంటారా? అమ్మను వదిలి హైదరాబాద్ రాలేను. ఇంటి నుంచే చేస్తూ బిడ్ మేనేజర్ స్థాయికి వెళ్లిన అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే, మొదటి మార్పు ఎలా దొరికిందో దయచేసి చెప్పండి.