అప్‌డేట్: గేమ్ ఆడితే ఫ్యాన్ మోత... చివరికి తగ్గింది

పోయిన వారం అడిగాను కదా, గేమ్ మొదలుపెట్టిన పది నిమిషాలకే ప్రాసెసర్ 88 డిగ్రీలకు చేరుతోందని, ఫ్యాన్ మోతకి పక్కగదిలో అమ్మ నిద్రలేస్తోందని. నా కంప్యూటర్‌లో ఉన్నది రైజెన్ 7 5800ఎక్స్ ప్రాసెసర్, దాన్ని చల్లబరిచేది ఫ్యాన్ ఉన్న ఎయిర్ కూలర్.

చాలామంది ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ మార్చమన్నారు. మార్చాను. తగ్గింది మూడే డిగ్రీలు. క్యాబినెట్ ముందు ఫిల్టర్‌కి పట్టిన దుమ్ము చూస్తే మాత్రం నాకే సిగ్గేసింది.

అసలు పని చేసింది బయోస్‌లోని (కంప్యూటర్ ఆన్ అవుతున్నప్పుడు తెరుచుకునే మూల సెట్టింగుల్లోని) ఈకో మోడ్, అంటే ప్రాసెసర్ లాగే కరెంటుకి హద్దు తగ్గించే సెట్టింగ్. ఈ చిప్ మామూలుగా 142 వాట్ల దాకా లాగుతుంది. 65 వాట్లన్నది ఈకో మోడ్ పేరులో మాత్రమే, అది పెడితే అసలు హద్దు 88 వాట్లకు దిగుతుంది. ఇప్పుడు అదే గేమ్‌లో, ఏసీ లేని గదిలో, వేడి 72 డిగ్రీలు దాటట్లేదు. ఫ్రేమ్‌లు తగ్గుతాయని టెన్షన్ పడ్డాను కానీ నేను ఆడే 1440పీ రిజల్యూషన్‌లో భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీదే, కాబట్టి తేడా తెలియలేదు. వీడియో ఎన్‌కోడింగ్ మాత్రం కాస్త నెమ్మదించింది.

ఇక మోత సంగతి. నిజానికి విసిగించింది శబ్దం కాదు, అది క్షణక్షణం పెరిగి తగ్గడం. చిప్ వేడి ఒక్క సెకనులో పది డిగ్రీలు ఎగిరి మళ్లీ పడిపోతుంది, ఫ్యాన్ దాని వెనకే పరిగెడుతుంది. అందుకే 55 నుంచి 75 డిగ్రీల మధ్య ఫ్యాన్ వేగం ఒకేలా ఉంచి, స్పందించడానికి కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టాను. ఇప్పుడు సీలింగ్ ఫ్యానే ఎక్కువ వినిపిస్తోంది!

పక్క ప్యానెల్ తీసేయమన్న సలహా కూడా పాటించి చూశాను. వేడి తగ్గింది గానీ మోత ఇంకా పెరిగింది, మళ్లీ బిగించేశాను. ప్రాసెసర్ వోల్టేజీ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్ సెట్టింగ్ జోలికి ఇంకా వెళ్లలేదు, పరీక్షలయ్యాక చూస్తాను.