1921 రాజమండ్రి మిస్టరీ నవలలో ఆడ డిటెక్టివ్: లాయరా, డాక్టరమ్మా?

గోదారిగట్టు:
నవల చట్రం ఇది. 1921, తూర్పు గోదావరి జిల్లా, రాజమండ్రి దగ్గర చిన్న జమీ. పిల్లల్లేని విధవరాలు జమీందారిణి. దత్తతకు ముందురోజు రాత్రి పాలు తాగి చనిపోతుంది. పాలలో పాషాణం, అంటే ఆర్సెనిక్. మద్రాసు నుంచి వచ్చిన లాయరమ్మ తీగ లాగుతుంది. ఆఖర్న అందర్నీ హాల్లో కూర్చోబెట్టి, ఇన్‌స్పెక్టరు ముందే హంతకుడి చేత నిజం కక్కిస్తుంది. నెత్తురు, తుపాకులు లేని కోజీ మిస్టరీ. ఆస్తి తగాదా కాబట్టి కథానాయిక లాయరే కావాలని నా వాదన. కాదనేవాళ్ళు చెప్పండి.

పాతదస్త్రం:
మొదటి వాక్యంలోనే తప్పుంది. 1921లో తూర్పు గోదావరి అనే జిల్లా లేదు. ఆ పేరు 1925లో వచ్చింది, అంతకుముందు గోదావరి జిల్లాయే.

ఇక లాయరు సంగతి. 1916లో లాయరుగా చేర్చుకోమన్న రెజీనా గుహా దరఖాస్తును కలకత్తా హైకోర్టు కొట్టేసింది. 1921లో సుధాంశుబాల హజ్రాకు పాట్నా హైకోర్టులో అదే జరిగింది. ఆడవాళ్ళన్న కారణంతో కాదనకూడదని చట్టం వచ్చింది 1923లో. మద్రాసు లాయరమ్మ 1921లో బల్లకట్టు దిగితే చదివినవాడు పుస్తకం మూసేస్తాడు.

చదువరి:
అలహాబాదు హైకోర్టు 1921లోనే కార్నేలియా సొరాబ్జీని చేర్చుకుందిగా?

పాతదస్త్రం:
చేర్చుకుంది. కానీ ఆవిడ ఆక్స్‌ఫర్డులో న్యాయశాస్త్రం పరీక్ష రాసింది 1892లో. మధ్యలో ముప్ఫై ఏళ్ళు ఎలా గడిచాయో చూడండి. 1904 నుంచి బెంగాల్ వైపు కోర్ట్ ఆఫ్ వార్డ్స్‌లో, అంటే మైనర్ల, ఆడవాళ్ళ జమీలను చూసే సర్కారు శాఖలో, ఘోషా (పరదా) స్త్రీలకు సలహాదారు. గౌను వేసుకుని వాదించే హక్కు లేకుండానే అంతఃపురాల్లో తిరిగి కాగితాలు చూసింది. మీ కథకు కావలసింది ఆ ఉద్యోగం. సన్నదు (కోర్టులో వాదించే అనుమతి) కాదు.

విషకన్య:
నా ఓటు డాక్టరమ్మకే. మద్రాసు మెడికల్ కాలేజీ 1875లోనే ఆడవాళ్ళను చేర్చుకుంది. 1921 నాటికి మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ ఘోషా ఇంట్లోకి వెళ్ళడం వింతేమీ కాదు.

అసలు గోదారిగట్టు గారి పాల గ్లాసులోనే చిక్కుంది. తెల్ల పాషాణానికి వాసన లేదు, రుచి దాదాపు లేదు. మనిషిని చంపడానికి రెండు మూడు గ్రెయిన్లు చాలు, అంటే గురివింద గింజ ఎత్తో, ఎత్తున్నరో. కానీ అది చల్లటి ద్రవంలో సరిగ్గా కరగదు, అడుక్కి దిగిపోతుంది. గ్లాసు అడుగున తెల్లగా మిగులుతుంది. దాన్ని కడిగిందెవరు అన్నదే మొదటి ఆధారం. అలా వద్దంటే చిక్కటి పాయసంలో కలపండి. ఏకాదశి పెట్టుకుంటే మాత్రం పాలే నయం. ఉపవాసం ఉన్న ఆవిడ రాత్రికి ఏం పుచ్చుకుంటుందో ఇల్లంతటికీ తెలుసు.

ఇంకోటి. వాంతులు, బియ్యం కడుగు లాంటి విరేచనాలు చూస్తే ఊళ్ళో అందరూ కలరా అంటారు. కలరాలో మామూలుగా విరేచనాలు ముందు, వాంతులు తర్వాత. పాషాణంలో గొంతు మంట, వాంతులు ముందు. ఈ వరస అడగాలని డాక్టరుకే తోస్తుంది. లాయరుకు తోచదు.

తెరచాటు:
డాక్టరమ్మ అడుగుతుంది, సరే. ఆ తర్వాత? శవాన్ని కోసే అధికారం ఆవిడకు లేదు. 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174వ సెక్షను ప్రకారం శవం సివిల్ సర్జనుకో, ప్రభుత్వం నియమించిన వేరే డాక్టరుకో వెళ్ళాలి. అదీ ఎండనూ దూరాన్నీ బట్టి దారిలో కుళ్ళిపోదు అనుకుంటేనే. మే నెలలో మారుమూల ఊరు పెట్టారంటే పోస్ట్‌మార్టం ఎగ్గొట్టడానికి చట్టమే సాకిస్తుంది. పైగా మన దగ్గర కరోనర్, అంటే అనుమానపు చావుల మీద విచారణ జరిపే అధికారి, లేడు. ఇంగ్లీషు నవలల్లో చూసి ఆ సీను రాయకండి. మద్రాసు ప్రెసిడెన్సీలో గ్రామ మునసబే (ఊరి పెద్దే) విచారణ జరిపి మేజిస్ట్రేటుకు రిపోర్టు పంపొచ్చు. ఆ మునసబు జ్ఞాతుల (దాయాదుల) మనిషైతే సగం కథ అక్కడే పుడుతుంది.

విషకన్య:
కోయక్కర్లేదండీ, వాంతి చాలు. రైన్ష్ పరీక్ష 1841 నుంచి ఉంది. నమూనాలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి, శుభ్రమైన రాగి రేకు ముక్క వేసి మరిగిస్తే రేకు మీద బూడిద నలుపు పొర కడుతుంది. రెండు జాగ్రత్తలు. అంజనం (ఆంటిమొనీ), పాదరసం కూడా పొర కడతాయి. బజారు ఆమ్లంలోనే కాస్త పాషాణం ఉండొచ్చు కాబట్టి ముందు వట్టి ఆమ్లంతో ఒక రేకు మరిగించి చూడాలి. డాక్టరమ్మ ఆ పని మరిచిపోయి తప్పు మనిషిని అనుమానించిందనుకోండి, మధ్య అధ్యాయాలు వాటంతటవే నడుస్తాయి.

కోర్టుకు మాత్రం మద్రాసులో విషాలు పరీక్షించే సర్కారు కెమికల్ ఎగ్జామినరు రిపోర్టే కావాలి. ఆ శాఖ 1849 నాటిది. సీసాల్లో రెక్టిఫైడ్ స్పిరిట్ పోసి, సీలు వేసి పంపాలి. పోసిన స్పిరిట్ నమూనా విడిగా మరో సీసాలో. 'మర్నాడే తంతి వచ్చింది' అని మాత్రం రాయకండి.

చదువరి:
ఇంతా చేసి దహనం అయిపోతే?

విషకన్య:
బూడిదలో, కాలని ఎముకల్లో జాడ దొరకొచ్చు. అస్థికలు గోదాట్లో కలిపేలోపే తేలాలి. పెరట్లో గన్నేరు ఉండగా హంతకుడు పాషాణం ఎందుకు కొన్నాడన్నది కూడా తేల్చాలి. గన్నేరు పప్పు చేదు, పాలలో దాగదు. అదొక జవాబు.

పాతదస్త్రం:
విషం దగ్గరే ఆగిపోయాం. దత్తత దగ్గరకు రండి, అసలు సరుకు అక్కడుంది. ఆ రోజుల్లో ఉమ్మడి కుటుంబంలో మొగుడు పోతే భార్యకు మనోవర్తే గతి. మొగుడు విభక్తుడై (వాటా పంచుకుని వేరుపడి), కొడుకులు లేకపోతేనే ఆస్తి ఆవిడకు వస్తుంది. అదీ పరిమిత హక్కుతో, తగిన అవసరం చూపకుండా అమ్మలేదు. ఆవిడ తర్వాత రివర్షనర్లకు, అంటే మొగుడి తరఫు వారసులకు. దత్తపుత్రుడు వస్తే వాళ్ళ నోట్లో మట్టే. మద్రాసు ప్రెసిడెన్సీలో మొగుడి అనుమతి లేకపోయినా సపిండుల (దగ్గరి జ్ఞాతుల) సమ్మతితో విధవరాలు దత్తత చేసుకోవచ్చని 1868 రామనాడు తీర్పు. అంటే సమ్మతి సంతకం పెట్టిన జ్ఞాతికీ, పెట్టనివాడికీ వేర్వేరు కారణాలుంటాయి.

దత్తతకు మొగుడు ఇచ్చిన అధికార పత్రం ఉంటే, అది వీలునామాలో కాకపోతే, రిజిస్టరు కావాల్సిందే. రిజిస్ట్రారు ముందు భార్య పత్రం రాసివ్వాల్సి వస్తే, కోర్టు హాజరు మినహాయింపు ఉన్న ఘోషా స్త్రీ కాబట్టి సబ్‌రిజిస్ట్రారే ఇంటికెళ్తాడు. తెర కింద నుంచి చెయ్యి చాపుతారు, వేలిముద్ర పడుతుంది. ఆ చెయ్యి ఎవరిది?

తెరచాటు:
అదిగో! అలాగైతే నా అభ్యర్థిని చెప్తాను. లాయరూ కాదు, డాక్టరూ కాదు. బడిపంతులమ్మ. అదే 1898 కోడ్ 52వ సెక్షను ప్రకారం ఆడమనిషి ఒళ్ళు సోదా చేయాలంటే ఆడమనిషే చేయాలి. స్టేషన్లో ఆడ పోలీసు లేదు. సబ్‌ఇన్‌స్పెక్టరు ఊళ్ళో చదువుకున్న ఆడమనిషిని పిలిపిస్తాడు. రాణివాసంలోకి ఆవిడ చట్టబద్ధంగా అడుగుపెట్టింది. తాళాలగుత్తి, పమిటచెంగు ముడి, తెర చాటున ఉన్నవాళ్ళ గొంతులు ఆవిడకే తెలుస్తాయి.

గోదారిగట్టు:
సంవత్సరం 1926కు మారుస్తాను. లాయరమ్మ చట్టానికి నిలుస్తుంది, జిల్లా పేరూ నిలుస్తుంది. హాలు సీను మాత్రం వదలను.

పాతదస్త్రం:
వదలక్కర్లేదు, ఇన్‌స్పెక్టర్ని బయటికి పంపండి. అప్పటి ఎవిడెన్స్ యాక్టు 25వ సెక్షను ప్రకారం పోలీసు అధికారికి చెప్పిన ఒప్పుకోలు పనికిరాదు. కస్టడీలో ఉంటే మేజిస్ట్రేటు ఎదుట చెప్పాలి. 26వ సెక్షను వివరణలో మన ప్రెసిడెన్సీ పేరు పెట్టి మరీ చెప్పారు, గ్రామ మునసబు ఆ లెక్కలోకి రాడని. ఇంకా అరెస్టు కానివాడు పంతులమ్మకో లాయరమ్మకో తనంతట తాను చెబితే సాక్ష్యంగా తీసుకుంటారు. బెదిరించో ఆశపెట్టో చెప్పించారని ప్లీడరు లాగుతాడనుకోండి.

చదువరి:
ఇన్‌స్పెక్టరు వరండాలో కూచుని కాఫీ తాగుతుంటాడన్నమాట.

తెరచాటు:
1926లో, ఆ ఊళ్ళో? మజ్జిగ అనండి.