శాసనాల పోస్టుల్లో బయటి లింకులు తీసేయాలా? గూగుల్‌లో వెనక్కి పోవడానికి అవేనా కారణం?

రేనాటి పంతులు:

అందరికీ నమస్కారం. బ్లాగ్‌స్పాట్‌లో రేనాటి చోళుల శాసనాల మీద రాస్తుంటాను. కలమళ్ళ, ఎర్రగుడిపాడు, మాలేపాడు, అన్నీ మా కడప జిల్లావే. సెలవు దొరికితే బండేసుకుని ఆ ఊరికి పోయి, చూసి, ఫొటోలు తీసుకుని, అచ్చయిన పాఠాన్ని పక్కన పెట్టుకుని రాస్తాను.

నా పోస్టుల్లో బయటికి పోయే లింకులు చాలానే ఉంటాయి. ‘సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్’ పదో సంపుటం, ‘ఎపిగ్రాఫియా ఇండికా’ స్కానులకు ఇంటర్నెట్ ఆర్కైవ్ లింకులు ఇస్తాను. పాత మాటల అర్థాలకు ఆంధ్రభారతి, ఊళ్ళ వివరాలకు తెలుగు వికీపీడియా. ఇవి కాక పక్క పట్టీలో ‘నేను చదివే బ్లాగులు’ అని కూడలి, హారం (తెలుగు బ్లాగుల కొత్త పోస్టులన్నీ ఒకచోట చూపించిన సైట్లు) రోజుల నాటి మిత్రుల జాబితా ఒకటుంది.

ఇదివరకు ‘కలమళ్ళ శాసనం’ అని వెతికితే నా పోస్టు మొదటి పేజీలో వచ్చేది. ఇప్పుడు మూడో పేజీకి పోతే గానీ కనబడడంలేదు. డిజిటల్ మార్కెటింగ్ నేర్చుకున్న మా బంధువులబ్బాయి చూసి, ‘మామా, ఇన్ని లింకులిస్తే నీ బలమంతా వాళ్ళకే పోతుంది, అన్నీ తీసెయ్, లేదంటే అన్నిటికీ నోఫాలో పెట్టు’ అన్నాడు. నోఫాలో అంటే ఆ లింకును లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు చెప్పే గుర్తట.

నాకు మనసొప్పడంలేదు. క్రీ.శ. 575 ప్రాంతం నాటి కలమళ్ళ శాసనంలో ‘ఎరికల్ ముత్తురాజు’, ‘రేనాణ్డు ఏళన్’ అని ఉందని రాస్తే, ఆ పాఠం ఎక్కడ అచ్చయిందో చూపించాలా వద్దా? చూపించకపోతే నా మాట ఎవరైనా ఎందుకు నమ్మాలి? పరిశోధన చేసే పిల్లలు ఆ లింకు పట్టుకునే అసలు సంపుటం దాకా పోతున్నారు. కొందరు ఉత్తరం రాసి చెప్పారు కూడా.

ఇంకొకటి. ఈ మధ్య ఒక మెయిలు వచ్చింది. నా పాత పోస్టు ఒకదానిలో అప్పులిచ్చే యాప్‌కు లింకు పెడితే డబ్బులిస్తారట, ‘నోఫాలో మాత్రం ఉండకూడదు’ అని షరతు. దానికి నేను జవాబివ్వలేదు. తెలిసినవాళ్ళు చెప్పండి, అసలు బయటి లింకుల వల్ల నష్టం ఉందా?

సాయి వెబ్:

మీ బంధువులబ్బాయి చెప్పింది కరెక్టే సార్. దీన్ని లింక్ జ్యూస్ అంటారు. కుండకు ఎన్ని చిల్లులుంటే అంత నీళ్ళు కారిపోతాయి. అన్నిటికీ నోఫాలో పెడితే కారడం ఆగుతుంది. మా ఇన్‌స్టిట్యూట్‌లో మొదటి వారంలోనే చెప్పారు.

జాలస్థలి:

పంతులు గారూ, దయచేసి ఒక్క ఆధారం లింకు కూడా తీయకండి. చిన్న పత్రికలకు, దుకాణాలకు సైట్లు చూసిపెట్టడం నా పని. ఈ ‘కారిపోవడం’ మాట విని మంచి మంచి వ్యాసాల్లోంచి ఆధారాలు పీకేసుకున్నవాళ్ళను చూసి చాలా బాధపడ్డాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సాయి గారూ, మీ మాటకు మూలం 1998 నాటి పేజ్‌ర్యాంక్. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫర్డ్‌లో ఉండగా రాసిన లెక్క. అందులో ఒక పేజీకి విలువ వచ్చేది దానికి బయటినుంచి వచ్చే లింకుల వల్ల. ఆ పేజీ ఇచ్చే లింకుల సంఖ్య, అది ఇతరులకు అందించే విలువను ఎన్ని వాటాలు వేయాలో చెబుతుంది. అంటే పంతులు గారు ఆర్కైవ్‌కు లింకిస్తే కలమళ్ళ పోస్టు విలువ అందుకుగాను తగ్గిపోదు. మహా అయితే ఆ పోస్టునుంచి ఆయన సొంత పోస్టులకు వెళ్ళే వాటా కాస్త చిన్నదవుతుంది. ఆ లెక్క కూడా పాతది. ఈరోజు గూగుల్ వరుస పెట్టేటప్పుడు చూసేవాటిలో పేజ్‌ర్యాంక్ ఒకటి మాత్రమే.

నోఫాలోతో ఆ వాటాను మిగుల్చుకోవచ్చని చాలాకాలం అనుకున్నారు. 2009లో గూగుల్‌లో అప్పటి వెబ్ స్పామ్ విభాగం పెద్ద మ్యాట్ కట్స్ అలా కుదరదని బహిరంగంగానే రాశాడు. పేజీలో పది లింకులుండి ఐదిటికి నోఫాలో పెట్టారనుకోండి. మిగతా ఐదిటికీ వచ్చేది పదోవంతు చొప్పునే. నోఫాలో పెట్టినవాటి వాటా ఎవరికీ రాకుండా పోతుంది. కాబట్టి అన్నిటికీ నోఫాలో పెట్టినా మీకు మిగిలేదేమీ లేదు. ఇంత పాత సంగతి ఇప్పటికీ తప్పుగానే నేర్పుతున్నారంటే బాధగా ఉంది.

నోఫాలో పుట్టిందే వేరే పనికి. 2005 జనవరిలో గూగుల్, యాహూ, ఎమ్మెస్సెన్ కలిసి తెచ్చాయి, వ్యాఖ్యల్లో చెత్త లింకులు గుమ్మరించేవాళ్ళకు లాభం లేకుండా చేయడానికి. 2019 సెప్టెంబరులో దానికి తోడు మరో రెండు గుర్తులు వచ్చాయి. డబ్బు తీసుకుని పెట్టిన లింకుకు స్పాన్సర్డ్, పాఠకులు పెట్టిన లింకుకు యూజీసీ. బయటి లింకుల గురించి భయపడక్కర్లేదని, ఆధారాలు చూపడానికి అవి పనికొస్తాయని గూగుల్ తన సూచనల్లోనే రాసుకుంది. నోఫాలో నమ్మకం లేని మూలానికే పెట్టండి, ప్రతి బయటి లింకుకూ వద్దు అని కూడా అందులోనే ఉంది. అట్లాగని, పేరున్న సైట్లకు లింకిస్తే ర్యాంకు పెరుగుతుందని కూడా అనుకోకండి. ఆ లింకు మీ పాఠకుడి కోసం.

నష్టం చేసే బయటి లింకులు వేరే ఉన్నాయి. డబ్బుకు అమ్మినవి మొదటివి. 2016 ఏప్రిల్‌లో, కంపెనీల దగ్గర ఉచితంగా వస్తువులు తీసుకుని బదులుగా లింకులిచ్చిన బ్లాగర్ల మీద గూగుల్ మనుషులు స్వయంగా చర్య తీసుకున్నారు. అది లింకు అందుకున్నవాళ్ళ మీద కాదు, ఇచ్చినవాళ్ళ మీద. మీకొచ్చిన మెయిల్లో ‘నోఫాలో ఉండకూడదు’ అన్నది చూశారా? స్పాన్సర్డ్ గుర్తు పెడితే వాళ్ళకు ఆ లింకుతో పనే లేదు. జవాబివ్వకుండా మంచి పని చేశారు.

రెండోది, చచ్చిపోయి చేతులు మారిన చిరునామాలు. మీరు చెప్పిన మాటలతోనే వెతికి మీ బ్లాగు తెరిచాను. కలమళ్ళ పోస్టులో ఆర్కైవ్ లింకులన్నీ బాగానే పనిచేస్తున్నాయి. ‘నేను చదివే బ్లాగులు’ జాబితాలో పైనుంచి మూడో పేరు నొక్కితే మాత్రం రమ్మీ ఆట సైటు వచ్చింది! మీ మిత్రుడు డొమైను పునరుద్ధరించుకోకపోయి ఉంటారు, ఎవరో కొనేశారు. ఆ జాబితా పక్క పట్టీలో ఉంది గనుక మీ ప్రతి పోస్టు మీదా ఆ జూదం లింకు ఉన్నట్టే. ముందు దాన్ని తీయండి.

మీరు మూడో పేజీకి పోవడానికి ఆ ఒక్క లింకే కారణమని నేను అనను. మీ బ్లాగు గూగుల్‌లో ఎలా కనబడుతోందో చూపే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో మాన్యువల్ యాక్షన్స్ తెరవండి. సమస్యలేమీ లేవని ఉంటే లింకుల వల్ల శిక్ష పడలేదన్నమాట. తర్వాత పెర్ఫార్మెన్స్‌లో ‘కలమళ్ళ’ అని వడగట్టి నిరుటి నెలలతో పోల్చండి. అక్కడ పదహారు నెలల లెక్క దొరుకుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ‘కలమళ్ళ శాసనం’ అని కొట్టేవాళ్ళు కూడా చాలామంది ఉంటారు, ఆ వరుసలు విడిగా చూడండి. ఈ మాటల మీద ఇప్పుడు వార్తా సైట్లు, యూట్యూబ్ వీడియోలు మీకంటే పైన కనబడుతున్నాయి. నాకైతే పోటీ పెరిగిందనే అనిపిస్తోంది.

ఇంకొక్క మాట, కసురుకోకండి. మీ లింకులు చాలావాటికి పేరు ‘ఇక్కడ’. ‘పాఠం ఇక్కడ, ఫలకం ఇక్కడ’. దాని బదులు ‘ఎపిగ్రాఫియా ఇండికా’ అని, సంపుటం అంకె, పుట అంకెతో సహా రాసి దానికే లింకివ్వండి. వందల పుటల స్కానులో ఆ పాఠం ఏ పుటలో ఉందో పాఠకుడికి ఎలా తెలుస్తుంది? రేపు లింకు చచ్చినా ఆధారం బతికి ఉంటుంది.

రేనాటి పంతులు:

అమ్మా, చాలా ధన్యవాదాలు. కసురుకునేదేముంది, పుట అంకెలన్నీ నా నోటుబుక్కులో ఉన్నాయి, ఈ ఆదివారం నుంచే ఎక్కిస్తాను. రమ్మీ సంగతి చూసి ప్రాణం చివుక్కుమంది. ఆ మిత్రుడు మంచి పద్యాలు రాసేవాడు. లేఔట్‌లోకి పోయి తీసేశాను. మాన్యువల్ యాక్షన్స్‌లో సమస్యలు లేవనే ఉంది. నిరుడు ఆ పోస్టు కనబడిన సార్లూ ఇప్పుడూ దాదాపు ఒకటే, స్థానం మాత్రం దిగింది. మీరన్న పోటీయే కావచ్చు.

రెండు సందేహాలు. నా పోస్టుల కింద వ్యాఖ్యల్లో ఎవరెవరో పెట్టిన లింకుల సంగతేంటి? ఆ మిత్రుడి వ్యాసం ఒకదాన్ని మాలేపాడు పోస్టు మధ్యలో ఉదహరించాను, దాన్నేం చేయాలి?

సాయి వెబ్:

జాలస్థలి గారూ, 2009 సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. చదువుతాను. పంతులు గారూ, మీ బ్లాగు చూశాను, ఎర్రగుడిపాడు ఫొటోలు చాలా బాగున్నాయి.

నీలిసిరా:

పంతులు గారూ, వ్యాఖ్యల గురించి నేను చెబుతాను. బ్లాగ్‌స్పాట్ వ్యాఖ్యల్లోని లింకులకు నోఫాలో దానంతటదే పడుతుంది. అయినా అప్పుల యాప్‌లు, జ్యోతిష్యం ప్రకటనలు వదిలేయొద్దు, చదవడానికి వచ్చినవాళ్ళకు చిరాకు. సెట్టింగుల్లో కామెంట్ మోడరేషన్ అని ఉంటుంది, పాత పోస్టులకు మాత్రమే కూడా పెట్టుకోవచ్చు. నేను అలాగే పెట్టుకున్నాను, కొత్త పోస్టుల మీద మాటామంతీ ఆగకుండా ఉంటుంది.

మీ మిత్రుడి వ్యాసం మాత్రం పోనివ్వకండి. ఆ పాత చిరునామాను వేబ్యాక్ మెషీన్‌లో అతికించి చూడండి. సంవత్సరాల వారీగా నకళ్ళు వస్తాయి. డొమైను చేతులు మారకముందు తేదీది ఒకటి తెరిచి, వ్యాసం పూర్తిగా ఉందో లేదో కిందిదాకా చూసుకుని, ఆ నకలు చిరునామానే మాలేపాడు పోస్టులో పెట్టండి. పక్కన ఆయన పేరు, వ్యాసం పేరు, మొదట వచ్చిన తేదీ రాయండి. ఫోను నంబరు ఉంటే ఆయనకూ ఒక మాట చెప్పండి, తన పద్యాలు అక్కడ దొరుకుతాయని ఆయనకు తెలియకపోవచ్చు.